పెద్దవాళ్ల చేత ఫోన్‌లో జ్ఞాపకశక్తి పరీక్ష చేయించడం ఎలా?

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరో డిమెన్షియా (వయసుతో వచ్చే మతిమరుపు జబ్బు) పరిశోధనలో చేరారనుకోండి. వాళ్లు ఇష్టపడే చేరి ఉండాలి, వద్దనుకున్న రోజున మానేసే హక్కూ వాళ్లదే. అప్పుడప్పుడు ఫోన్‌లో చిన్న పరీక్షలు చేయాలి: పదాలు గుర్తుపెట్టుకోవడం, అంకెలు వెనక నుంచి చెప్పడం, బొమ్మ కనబడగానే నొక్కడం. పావుగంట పని. దాన్ని పాడుచేసేది పెద్దవాళ్లు కాదు, పక్కన చేరే మనమే. వైజాగ్‌లో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఇళ్లకి వెళ్లి దగ్గరుండి చేయించాను, ఆ విసుగుతోనే ఇది రాస్తున్నా.

1. ఫోన్ సిద్ధం చేయండి. చార్జింగ్ సగం పైన ఉండాలి. బ్యాటరీ సేవర్ తీసేసి, డు నాట్ డిస్టర్బ్ పెట్టి, వెలుతురు పెంచండి. యాప్ భాష తెలుగు. పరీక్ష నడుమ వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ గులాబీలు వచ్చిపడితే ఆ రౌండు పోయినట్టే.

2. ఉదయం టిఫినూ కాఫీ అయ్యాక, 10 గంటలకి కూర్చోబెట్టండి. సాయంత్రం వద్దే వద్దు. మతిమరుపు మొదలైనవాళ్లలో చాలామందికి పొద్దువాలేకొద్దీ కంగారు పెరుగుతుంది. కళ్లజోడు, చెవి మిషను ఉంటే పెట్టించండి. చూపు ఆనక తప్పు నొక్కితే అది మతిమరుపు కింద జమైపోతుంది.

3. ఫోన్ బల్ల మీదే ఉండాలి, కింద మడతపెట్టిన తువ్వాలు. చేతిలో పట్టుకోనివ్వను. మన వైజాగ్ ఉక్కకి వేళ్లు చెమర్చి తెర సరిగ్గా పలకదు కాబట్టి ముందు చెయ్యి తుడిపించండి. నొక్కడానికి చూపుడు వేలు ఒక్కటే.

4. నేర్పండి, ఆపైన నోరు కట్టేసుకోండి. అసలు కష్టమంతా ఇక్కడే.

మొదట వచ్చే ప్రాక్టీసు రౌండులో ఎంత సాయమైనా చేయండి, మూడుసార్లు చెప్పినా పరవాలేదు. చాలామంది తెరని కాలింగ్ బెల్లులా నొక్కిపట్టి ఉంచుతారు. అలా కాదని, "బొట్టు పెట్టినట్టు తాకి తీసేయండి" అంటే మామ్మగార్లకి ఒక్కసారికే అర్థమవుతుంది. దీన్ని "పరీక్ష" అనకండి, బెదిరిపోతారు. "ఆట" అనీ అనకండి, తేలిగ్గా తీసుకుంటారు. నేను "చిన్న పని ఉంది తాతగారూ" అంటాను.

అసలు రౌండు మొదలయ్యాక మాత్రం మీరు ఆ గదిలో లేనట్టే. సీతమ్మధారలో ఒకాయన, ఉక్కు ఫ్యాక్టరీలో చేసి రిటైరైనవారు, పదాలు గుర్తుచేసుకుంటూ ఆగితే వంటింట్లోంచి వాళ్లావిడ "చిలకండీ, చిలక!" అని కేక. ఆయన ముసిముసిగా నవ్వి నొక్కేశారు. స్కోరు బ్రహ్మాండం. మరోసారి చేయించే రోజున ఆవిడ సింహాచలం వెళ్లారు, అందించేవాళ్లు లేరు. గ్రాఫు దబ్బున కింద పడింది. ఆయన మతి తగ్గిందా? ఆవిడ ఇంట్లో లేదు, అంతే. ఈ పరిశోధన వెతికేది కాలంతో పాటు వచ్చే మార్పుని. ఇవాళ మీరు ప్రేమగా అందించిన జవాబు ఆర్నెల్ల తర్వాత లేని జబ్బుగా కనబడుతుంది.

అందించడమంటే నోటితోనే కాదు. "ఊఁ" అనడం, తలాడించడం, "అబ్బా" అని నిట్టూర్చడం, అన్నీ లెక్కే. అందుకే నేను పక్కకి తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటాను. ఆయన మీ మొహం చూస్తే ఒక్క మాటే: "మీకు తోచింది నొక్కండి." మనవల్ని బయటికి పంపండి, వాళ్ల వేలు ఆగదు. పెద్దవాళ్ల చేతుల మీదా కన్నేయండి. రిటైరైన టీచరమ్మ ఒకావిడ పదాలన్నీ పెన్నుతో అరచేతిలో రాసేసుకున్నారు. జీవితమంతా కాపీలు పట్టుకున్న మనిషి!

మధ్యలో ఎవరైనా తలుపు కొట్టినా, కాయగూరల బండి అరిచినా అదే పరీక్ష మళ్లీ మొదటినుంచి పెట్టకండి. పదాలు ఒకసారి చూసేశారు కాబట్టి రెండోసారి సహజంగానే బాగా చేస్తారు. ఏం జరిగిందో రాసి పరిశోధన చేసేవాళ్లకి చెప్పండి, చాలు.

కమ్యూనిటీ హాలులో క్యాంపు పెట్టి ఏడాదికోసారి కాగితం మీద చేయిస్తే సరిపోదా అని అడుగుతుంటారు. 1975లో వచ్చిన ఎంఎంఎస్ఈ అనే 30 మార్కుల కాగితం పరీక్ష ఇప్పటికీ డాక్టర్లకి పనికొస్తుంది, కాదనను. కానీ ఆ ఒక్క రోజున ఆయనకి రాత్రి నిద్ర లేకపోతే? ఇంట్లో, అలవాటైన కుర్చీలో, పలుమార్లు చేయిస్తే ఒక చెడ్డరోజు మిగతా రోజుల్లో కలిసిపోతుంది. పైగా హాలులో పక్కాయన జవాబు వినబడుతుంది.

5. అయ్యాక డేటా వెళ్లేదాకా వైఫై ఆపకండి. పాసా ఫెయిలా అని అడిగితే అలాంటిదేమీ లేదని చెప్పండి, నిజంగానే లేదు. స్కోరు తగ్గిందని మీరే డిమెన్షియా అని తేల్చేయకండి. థైరాయిడ్, బి12 లోపం, దిగులు, కొన్ని మందులు కూడా జ్ఞాపకాన్ని మందగింపజేస్తాయి. అనుమానముంటే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.

6. ప్రతిసారీ అదే ఫోన్, అదే కుర్చీ, అదే వేళ. నొక్కడానికి పట్టిన సమయాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు, ఒక్కో ఫోన్ తెర ఒక్కో వేగంతో పలుకుతుంది. అమెరికా నుంచి అబ్బాయి కొత్త ఫోన్ తెచ్చినా సరే, పరిశోధన ముగిసేదాకా పాతదాన్ని ఎవరికీ ఇచ్చేయకండి.