బెలూన్‌తో నీటి ధారను వంచడం

కుళాయిని కొద్దిగా తిప్పి, అగ్గిపుల్లంత సన్నని ధార తెగకుండా పడేలా చూడండి. ధార లావైతే వంపు సరిగా తెలియదు. రబ్బరు బెలూన్ ఊది, మూతి కట్టి, పొడి ఉన్ని గుడ్డతో 20-30 సార్లు చురుగ్గా రుద్దండి. రుద్దిన వైపును కుళాయి మూతికి కాస్త దిగువన, ధారకు 2-3 సెంటీమీటర్ల దూరంలో పెట్టండి. ధార బెలూన్ వైపుకు వంగుతుంది. ఉన్నిలోని ఎలక్ట్రాన్లు బెలూన్ మీదికి చేరి దానికి ఋణావేశం ఇస్తాయి. అది నీటిలో తన వైపు ధనావేశాన్ని ప్రేరేపించి లాగుతుంది.

వంగలేదా? ఎక్కువసార్లు తప్పు తేమదే. ముసురు పట్టిన రోజు ఆవేశం నిలవదు. బెలూన్‌కు ఒక్క చుక్క తగిలినా ఆ భాగంలో ఆవేశం పోతుంది. తుడిచి, బాగా ఆరాకే మళ్లీ రుద్దాలి. జిడ్డు చేతులతో రుద్దే వైపును ముట్టుకోవద్దు.

నీళ్ల దగ్గరికి వెళ్లే ముందే 3 మిల్లీమీటర్ల కాగితం ముక్కలతో పరీక్షించుకోవడం మేలు. అవి ఎగిరి అంటుకుంటే ఆవేశం చాలినట్టే. వంటింటి అల్యూమినియం రేకు ముక్కలు ఇంకా ముచ్చటగా ఉంటాయి: వచ్చి తగిలి, బెలూన్ ఆవేశాన్నే కొంత తీసుకుని, వెంటనే దూరంగా ఎగిరిపోతాయి.