ఎండలు ముదిరేలోపే: టన్నెల్‌లో మట్టి లేని స్ట్రాబెర్రీకి జాగ్రత్తలు

చలికాలమంతా టన్నెల్ (ప్లాస్టిక్ కప్పిన సొరంగం లాంటి పందిరి) మనకు మేలే చేస్తుంది. వానను, మంచును మొక్క మీద పడనివ్వదు. పగటి వెచ్చదనాన్ని కాసేపు పట్టి ఉంచుతుంది. ఎండలు మొదలవగానే ఆ మేలే ఎదురు తిరుగుతుంది. బయట 28 డిగ్రీలే ఉన్న రోజున, పక్క తెరలు దించి ఉన్న టన్నెల్‌లోకి మధ్యాహ్నం వెళ్లి చూడండి, ఊపిరాడదు. స్ట్రాబెర్రీ చల్లదనం కోరే మొక్క. పగలు 18 నుంచి 24 డిగ్రీలు, రాత్రి 10 నుంచి 13 డిగ్రీలు ఉంటే దానికి హాయి. మనకేమో సరిగ్గా కాత మీద ఉన్నప్పుడే ఎండ వచ్చి పడుతుంది.

నేలలో పెరిగే మొక్కకు ఒక పూట తడి అందకపోయినా కింద కాస్త తేమ మిగిలి ఉంటుంది, వేళ్లు దాన్ని వెతుక్కుంటాయి. మట్టికి బదులు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) నింపిన బ్యాగులో ఉన్న మొక్కకు వెతుక్కోవడానికి చోటే లేదు. అందుకే నేను ప్రతి జాగ్రత్త విషయంలోనూ ఒకటే చూసుకుంటాను: ఇది చెడితే సరిచేసుకోవడానికి నాకెంత గడువు ఉంది? గంటలే గడువున్న పనులు ముందు, వారాలు గడువున్నవి తర్వాత. ఈ వ్యాసం కూడా ఆ వరసలోనే రాస్తున్నాను.

గంటల్లో ముంచేవి: పంపు, ఫిల్టర్, డ్రిప్పర్

గొట్టాల్లో పలచటి నీటి పొర పారే ఎన్ఎఫ్‌టీ పద్ధతిలో, మంచి ఎండలో పంపు ఆగితే కొద్ది గంటల్లోనే మొక్కలు వాలిపోతాయి. కోకోపీట్ బ్యాగు ఇంకాస్త ఓర్చుకుంటుంది, అదీ ఒక మధ్యాహ్నం వరకే. వేడి టన్నెల్‌లో ఎన్ఎఫ్‌టీ కన్నా కోకోపీట్ మేలని నేననేది ఈ గడువు కోసమే. దిగుబడి లెక్కలు ఎవరు ఎలా చెప్పినా, రాత్రి నిద్ర పట్టేది బ్యాగులున్నవాడికే.

రెండో పంపు ఒకటి తెచ్చి పెట్టుకుంటే సరిపోదు. దాన్ని బిగించి, ఒక్కసారైనా నడిపి చూడాలి. పెట్టెలో ఉన్న పంపుకు కావలసిన కప్లింగు ఆ సమయానికి దొరకదు. కరెంటు పోతే జనరేటరు ఎవరు వేస్తారో ముందే తేల్చుకోండి. వీలుంటే ఎత్తులో ఒక ట్యాంకు పెట్టి, కరెంటు లేకపోయినా డ్రిప్‌కు నీళ్లు దిగేలా ఒక వాల్వు కట్టుకోండి. అందులో ఎరువు లేకపోయినా పర్వాలేదు, ఒక పూట మంచినీళ్లతో మొక్క బతుకుతుంది.

అలారం సంగతి. మా టన్నెల్‌లో ఒకసారి టైమరు మీద పచ్చలైటు వెలుగుతోంది, పంపు తిరుగుతోంది, ఏ లోటూ కనిపించలేదు. ఫిల్టరులో నాచు పట్టి, చివరి రెండు వరసలకు నీళ్లు సగం కూడా వెళ్లడం లేదు. మూడో రోజు ఆకులు వడలితే గానీ తెలియలేదు. అప్పటి నుంచి అలారం కరెంటుకు కాకుండా లైన్ చివరన నీటి ఒత్తిడికి పెట్టాను. అలారం లేనివాళ్లు చివరి డ్రిప్పరు కింద ఒక గ్లాసు పెట్టి, రోజూ మధ్యాహ్నం అది ఎంత నిండిందో చూసినా చాలు.

ఎండలకు ముందే డ్రిప్పర్ల పరీక్ష చేయండి. లైను మొదట్లో, మధ్యలో, చివర్లో గ్లాసులు పెట్టి పది నిమిషాలు నీళ్లు వదిలి కొలవండి. మొదటి గ్లాసుకూ చివరి గ్లాసుకూ తేడా పదో వంతు దాటితే ఎక్కడో అడ్డు ఉన్నట్టే. లైన్ చివర మూతలు విప్పి మురికి పోయేదాకా కడగండి. పైపుల్లోకి, ట్యాంకులోకి వెలుతురు సోకకపోతే నాచు పెద్దగా పట్టదు. ట్యాంకుకు మూత లేనివాళ్లు ఇవాళే మూత వేయండి.

వేళ్లు వేడెక్కితే పైన ఎంత చల్లబరిచినా దండగే

మొదట్లో నేను గాలి వేడినే చూసుకునేవాణ్ని, వేళ్ల సంగతి పట్టేది కాదు. స్ట్రాబెర్రీ వేళ్లకు 18, 20 డిగ్రీల దగ్గర బాగుంటుంది, 25 దాటితే బలం తగ్గుతుంది. కారణం నీళ్లలోని ఆక్సిజన్. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు దాదాపు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల నీళ్లలో 7.5 మాత్రమే. అదే వేడికి వేళ్లకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. ఊపిరాడని వేళ్ల మీదే పిథియం లాంటి కుళ్లు తెగుళ్లు పడతాయి. తెల్లగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి, పట్టి లాగితే పై తొక్క ఊడి లోపలి దారం మాత్రమే మిగిలిందంటే కుళ్లు వచ్చేసినట్టు.

బ్యాగు మధ్యలో ఒక థర్మామీటరు గుచ్చి ఉంచండి. బ్యాగులు, వాటిని మోసే గట్టర్లు (పొడవాటి తొట్లు) బయటివైపు తెల్లగా ఉండాలి, నల్లవైతే తెల్ల ప్లాస్టిక్ కప్పండి. ట్యాంకును నీడలోకి మార్చండి, కుదిరితే సగం వరకు భూమిలో దింపండి.

చాలామంది మరిచిపోయేది, ఎండలో పడి ఉన్న డ్రిప్ లైనులో నిలిచిన నీళ్లు. రెండు తడుల మధ్య ఆ నీళ్లు కాగిపోతాయి. మధ్యాహ్నం తడి మొదలవగానే ఆ వేడి నీళ్లే ముందు వేళ్ల మీద పడతాయి. లైనును ఆకుల నీడ కిందికి జరపండి, లేదా తెల్లటి పైపు తొడగండి. తడులు కూడా తక్కువ సేపు, ఎక్కువ సార్లు ఇవ్వండి, అప్పుడు లైనులో నీళ్లు కాగే వ్యవధి ఉండదు. చిన్న టన్నెల్ వాళ్లు ట్యాంకులో ఐసు సీసాలు వేస్తుంటారు. ఒకటి రెండు వేడి రోజులు గట్టెక్కడానికి పనికొస్తుంది కానీ సీజనంతా ఐసు మోయలేం.

గాలి, నీడ, ఈదురుగాలి

పక్క తెరలు చుట్టి ఎత్తే యంత్రం పనిచేస్తోందో లేదో ఎండలు రాకముందే చూసుకోండి. ఆరు నెలలు కదలని గేరు, కావలసిన రోజే బిగుసుకుపోతుంది. ఉదయం లోపల 20 డిగ్రీలు దాటగానే తెరలెత్తండి. 30 అయ్యాక ఎత్తితే అప్పటికే వేడెక్కిన బ్యాగులు చల్లబడటానికి సాయంత్రమవుతుంది. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి రెండు చివరలా పైభాగంలో కిటికీలు ఉంటే మరీ మంచిది.

షేడ్‌నెట్ లోపల కట్టకండి. లోపల కట్టిన నెట్ తానే వేడెక్కి ఆ వేడిని లోపలే వదులుతుంది. బయట, ప్లాస్టిక్ పైనే వేయాలి. 30 శాతం ఎండను ఆపే నెట్‌తో మొదలుపెట్టండి. 50 శాతం వేస్తే మొక్క చల్లగా ఉంటుంది కానీ పండులో తీపి పడిపోతుంది. మబ్బు రోజుల్లో తీసేయగలిగేలా కట్టుకోండి.

వేసవి మొదట్లో ఉరుములతో వచ్చే ఈదురుగాలిని తక్కువ అంచనా వేయకండి. తెరలు ఎత్తి ఉన్న టన్నెల్‌లోకి గాలి దూరితే ప్లాస్టిక్‌ను పడవ తెరచాపలా పొంగించి లేపేస్తుంది. గాలి రాకముందే రెండు పక్కలూ దించి, తలుపులు మూసేయాలి. అంచుల దగ్గర పట్టి ఉంచే జిగ్‌జాగ్ స్ప్రింగులు, పైన వేసిన తాళ్లు, భూమిలో దిగిన లంగర్లు అన్నీ ఒక చుట్టు తిరిగి లాగి చూడండి. ప్లాస్టిక్‌లో చిన్న చిరుగు కనబడితే ఆరోజే టేపు వేయండి, గాలికి అదే దారి.

ఎండలు మొదలయ్యాయని చలిని పూర్తిగా మరిచిపోనూ వద్దు. మబ్బు లేని రాత్రి ఒక్కటి చాలు. విచ్చుకున్న పువ్వు మైనస్ 1 డిగ్రీ దగ్గరే చచ్చిపోతుంది, మధ్యలోని పసుపు గుండ్రటి భాగం నల్లబడుతుంది. ఒక్క పొర ప్లాస్టిక్ రాత్రి పూట ఇచ్చే కాపు చాలా కొద్ది. చలి ప్రాంతాల వాళ్లు మొక్కల మీద కప్పే పలచటి గుడ్డను ఇంకా మడిచి పెట్టేయకండి.

ఎరువు నీళ్లు: ఎండలో పలచన చేయాలి

స్ట్రాబెర్రీకి ఉప్పు పడదు. ఈసీ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత, mS/cmలో) 1.0 నుంచి 1.5 మధ్య, పీహెచ్ (నీళ్ల పులుపు కొలత) 5.5 నుంచి 6.2 మధ్య ఉంచుకోండి. ఎండ పెరిగితే మొక్క నీళ్లు ఎక్కువ తాగుతుంది, ఎరువు అంత తీసుకోదు. దాంతో బ్యాగులో ఉప్పు పేరుకుంటుంది. అందుకే వేడి రోజుల్లో ఈసీని 1.0 వైపుకు దించి, ఇచ్చిన నీళ్లలో 20 నుంచి 30 శాతం కింద కారిపోయేలా తడులు పెంచాలి. కారిన నీళ్ల ఈసీ కూడా రోజూ కొలవండి. ఇచ్చినదాని కన్నా అది 0.5కు మించి పెరిగితే పలచటి నీళ్లతో బ్యాగు కడగాలి.

కొత్త ఆకుల కొసలు మాడితే అందరూ ట్యాంకులో కాల్షియం పెంచుతారు. నేనూ పెంచాను, ఇంకా మాడాయి. కాల్షియం నీళ్లతో పాటే పైకి ఎక్కుతుంది, ఎండలో ఆ నీళ్లన్నీ పెద్దాకులే లాగేసుకుంటాయి. ఇంకా విచ్చుకోని మొవ్వుకు వాటా అందదు. నేను పెంచిన ఎరువు ఈసీని పైకి నెట్టి, వేళ్లు నీళ్లు తీసుకోవడాన్ని ఇంకా కష్టం చేసింది. చేయాల్సింది తలకిందులు: ఈసీ తగ్గించడం, నీడ ఇవ్వడం, రాత్రికి బ్యాగు ఎండిపోకుండా చూడటం.

కొత్త కోకోపీట్ వాడుతుంటే దాన్ని కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్లలో నానబెట్టి, మళ్లీ కడగాలి. లేకపోతే అందులోని సోడియం, పొటాషియం మొదటి నెలంతా తిప్పలు పెడతాయి. చిక్కటి ద్రావణాలు కలిపేటప్పుడు కాల్షియం నైట్రేట్‌ను సల్ఫేట్లతో, ఫాస్ఫేట్లతో ఒకే డబ్బాలో వేయకండి. సుద్దలా గడ్డకట్టి డ్రిప్పర్లన్నీ మూసుకుపోతాయి.

పూత మీద వేడి

స్ట్రాబెర్రీ పండు మీద మనం గింజలనుకునేవే అసలు పండ్లు. వాటిలో ఫలదీకరణ జరిగిన ప్రతిదీ తన చుట్టూ కండ పెరగమని సంకేతం పంపుతుంది. జరగనిచోట కండ పెరగదు, పండు వంకర తిరుగుతుంది. 30 డిగ్రీలు దాటేకొద్దీ పుప్పొడి బలం తగ్గుతుంది. ఇవాళ్టి వేడికి దెబ్బతిన్న పువ్వు మూడు, నాలుగు వారాల తర్వాత గాని వంకర పండుగా కనిపించదు. అప్పుడు ఏ మందు కొట్టినా ప్రయోజనం లేదు.

తేనెటీగలను, బంబుల్‌బీలను పెట్టినవాళ్లు పెట్టెను నీడలో ఉంచాలి. యూవీ కిరణాలను పూర్తిగా ఆపే ప్లాస్టిక్ కింద ఈగలు దారి తప్పుతాయి, కప్పు కొనేటప్పుడే అడగాల్సిన విషయమిది. ఈగలు లేకపోతే పొద్దున్న పూట, పువ్వు పొడిగా ఉన్నప్పుడు మెత్తటి కుంచెతోనో, చిన్న బ్లోయరు గాలితోనో కదిలించవచ్చు.

రకం కూడా చూసుకోండి. కామరోసా, చాండ్లర్ లాంటివి పగళ్లు పొడవై వేడెక్కితే పూత మానేసి తీగలు సాగిస్తాయి. ఆల్బియన్, శాన్ ఆండ్రియాస్ లాంటివి పగటి పొడవును పట్టించుకోవు, కానీ అవి కూడా పెద్ద వేడికి పూత ఆపేస్తాయి. తీగలు కనబడ్డవి కనబడ్డట్టు కత్తిరించండి.

ఎర్రనల్లి, బూడిద తెగులు

టన్నెల్‌లో ఆకుల మీద వాన పడదు కాబట్టి పండు మీద బూజు తగ్గుతుంది. బూడిద తెగులుకు మాత్రం తడి ఆకు అక్కర్లేదు, గాలిలో తేమ చాలు. ఆకుల అంచులు దోనెలా పైకి ముడుచుకుంటే అడుగున తెల్లటి పొడి కోసం చూడండి. గంధకం వాడేవాళ్లు 30 డిగ్రీల ఎండలో కొట్టవద్దు, ఆకులు మాడతాయి. నూనె మందు కొట్టిన రెండు వారాల్లోపు గంధకం అసలే వద్దు.

ఎర్రనల్లికి వేడి, పొడి గాలి పండగ. 30 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి పెద్దది కావడానికి దాదాపు ఒక వారమే పడుతుంది. అందుకే వారానికి రెండుసార్లు భూతద్దంతో ఆకుల అడుగుభాగం చూడాలి, ముఖ్యంగా తలుపు దగ్గరి మొక్కల్లో. గూడు అల్లిందాకా ఆగితే ఆ వరస పోయినట్టే. ఎర్రనల్లిని తినే మంచి నల్లులను వదిలేవాళ్లు ఎండలకు ముందే వదలాలి. ఫైటోసీయులస్ పర్సిమిలిస్ ఆకలిగా తింటుంది కానీ పొడి వేడిలో నిలవదు, నియోసీయులస్ కాలిఫోర్నికస్ ఓర్చుకుంటుంది. మందు కొట్టక తప్పకపోతే డబ్బా మీద రాసిన గడువు దాటాకే పండు కోయండి, ఈగల పెట్టెను ముందే బయటికి తీయండి.

కొత్త మొక్కలు తెస్తే రెండు మూడింటి మొదలును నిలువుగా కోసి చూడండి. లోపల మీగడ రంగులో ఉండాలి. ఎర్ర గోధుమ మచ్చలుంటే ఆ కట్ట మొత్తం వెనక్కి పంపండి, జాలిపడకండి. నాటేటప్పుడు మొవ్వు పైకి ఉండాలి, కోకోపీట్‌లో పూడితే కుళ్లుతుంది.

మన ఒళ్లు

మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు లోపల పని పెట్టుకోకండి, ఒంటరిగా అయితే అస్సలు వద్దు. పీహెచ్ తగ్గించే యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. కళ్లద్దాలు, చేతి తొడుగులు ఉండాలి. తడి నేల మీద పంపులు నడుస్తాయి కాబట్టి కరెంటు లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి) పెట్టించండి, నెలకోసారి దాని బటన్ నొక్కి పడిపోతోందో లేదో చూడండి. చలి రాత్రుల్లో మూసిన టన్నెల్‌లో పొగగొట్టం లేని హీటరు వెలిగించి లోపలే కూర్చోకండి, కార్బన్ మోనాక్సైడ్ వాసన ఉండదు.

ఎప్పుడు ఆపాలి

వేడి రోజుల్లో పండు తెల్లవారుజామునే కోసి, వెంటనే చల్లటి చోటికి చేర్చండి. ఎండలో గంట ఉన్న పండు మర్నాటికి మెత్తబడుతుంది. వరసగా వారం రోజులు బ్యాగు 28 డిగ్రీల కిందికి దిగకుండా, పండ్లు గోళీల సైజుకు తగ్గాయంటే ఇక కాత కోసం పోరాడటం అనవసరం. మొక్కలను నిలుపుకోవాలనుకుంటే పూత, పిందె అంతా గిల్లేసి, నీడ పెంచి, పలచటి ఎరువుతో బతికించండి. అక్కర్లేదనుకుంటే పీకేసి, ఖాళీ టన్నెల్‌ను మూసి ఎండకు వదలండి, లోపలి పురుగు చాలావరకు మాడిపోతుంది. దానికి ముందు డ్రిప్ లైన్లు, సెన్సర్లు, ఈసీ మీటరు బయటికి తీసుకోండి. వేళ్లు కుళ్లిన బ్యాగులను మాత్రం వచ్చే పంటకు దాచుకోకండి, వాటిని టన్నెల్‌కు దూరంగా పారేయండి.