సీసీ కెమెరాల అమరిక: కేబుల్ నుంచి రికార్డింగ్ వరకు

సీసీ కెమెరాలు కొనేటప్పుడు అందరి దృష్టీ మెగాపిక్సెళ్ల మీదే ఉంటుంది. అయితే, బిగించిన తరువాత బొమ్మ సరిగా రాకపోవడానికి కెమెరా కన్నా దానికి కరెంటు అందించే తీగ, కనెక్టరు, కెమెరా నిలిపిన చోటు ఎక్కువసార్లు కారణమవుతుంటాయి. అందువల్ల ఖర్చులోనూ శ్రద్ధలోనూ మొదటి వాటా వాటికే దక్కాలి.

ఈ వ్యవస్థలు ప్రధానంగా రెండు రకాలు. అనలాగ్ హెచ్‌డీ పద్ధతిలో ప్రతి కెమెరా నుంచి ఒక కోయాక్సియల్ కేబుల్ (టీవీ కేబుల్ లాంటి గుండ్రటి తీగ) వచ్చి, బీఎన్‌సీ అనే తిప్పి బిగించే కనెక్టరు ద్వారా డీవీఆర్ అనే రికార్డరుకు కలుస్తుంది. కెమెరాకు కావలసిన 12 వోల్టుల డీసీ కరెంటు విడిగా ఎస్‌ఎంపీఎస్ అనే పవర్ సప్లయ్ పెట్టె నుంచి వెళుతుంది. ఐపీ (నెట్‌వర్క్) పద్ధతిలో క్యాట్ 6 అనే నెట్‌వర్క్ కేబుల్ ఒక్కటే పీఓఈ స్విచ్ (నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే పరికరం) నుంచి కెమెరా దాకా వెళ్లి, కరెంటునూ దృశ్యాన్నీ రెండింటినీ మోస్తుంది. రికార్డింగ్ ఎన్‌వీఆర్ అనే నెట్‌వర్క్ రికార్డరులో జరుగుతుంది. గోడల్లో మంచి కోయాక్సియల్ కేబుల్ ఇప్పటికే ఉన్నచోట దాన్ని పీకి పారేయవలసిన పనిలేదు, డీవీఆర్ చక్కగా సరిపోతుంది. కొత్తగా కేబుల్ లాగేవారు మాత్రం ఐపీ పద్ధతినే ఎంచుకోవడం మేలు. వైఫై కెమెరాలకు కూడా చాలావరకు కరెంటు తీగ తప్పదు కనుక, దుకాణాలకూ గోదాములకూ వాటిని ప్రధాన ఏర్పాటుగా ఎంచుకోకపోవడమే మంచిది.

కేబుల్ లాగే ముందే ఏ కెమెరా దేనిని చూడాలో నిర్ణయించుకోవాలి. ముఖాన్ని స్పష్టంగా గుర్తుపట్టాలంటే ఆ దూరంలో మీటరు వెడల్పుకు సుమారు 250 పిక్సెళ్లు పడాలన్నది ఈ రంగంలో పాటించే కొలత. 1920 పిక్సెళ్ల వెడల్పున్న 2 మెగాపిక్సెళ్ల కెమెరాకు 2.8 మిల్లీమీటర్ల లెన్సు ఉంటే, ఆ స్పష్టత సుమారు మూడు మీటర్ల వరకే దక్కుతుంది. అదే కెమెరాకు 6 మిల్లీమీటర్ల లెన్సు పెడితే దాదాపు ఎనిమిది మీటర్ల దాకా వస్తుంది కానీ, కనిపించే వెడల్పు తగ్గుతుంది. కాబట్టి ఆవరణ అంతా చూపే కెమెరా ఒకటి, గుమ్మం దగ్గర ముఖాన్ని పట్టే కెమెరా మరొకటి ఉండాలి. రెండు పనులూ ఒక్కదానితోనే చేయించాలని చూస్తే ఏదీ సరిగా జరగదు. ఎనిమిది నుంచి పది అడుగుల ఎత్తు చాలు. అంతకన్నా పైన బిగిస్తే టోపీలూ నడినెత్తులూ తప్ప ముఖాలు కనబడవు. పొరుగువారి కిటికీలు ఫ్రేములోకి వస్తుంటే ఆ భాగాన్ని ప్రైవసీ మాస్కుతో (బొమ్మలో కొంత చోటును మూసేసే సెట్టింగు) కప్పేయాలి.

ఇక తీగల విషయం. పగలంతా నిక్షేపంగా పనిచేసిన కెమెరా చీకటి పడగానే మినుకుమినుకుమంటూ ఆగి, మళ్లీ మొదలవుతుంటే, అది కెమెరా లోపమని తొందరపడి మార్చకూడదు. రాత్రి కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాలు (చీకట్లో చూడటానికి వాడేవి) వెలగగానే కెమెరా తీసుకునే కరెంటు పెరుగుతుంది. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ 50 మీటర్లు వెళ్లిందనుకుంటే, రానుపోను వంద మీటర్లకు దాని నిరోధం మూడున్నర ఓములు. అర ఆంపియరు ప్రవహిస్తే 1.75 వోల్టులు దారిలోనే ఖర్చయి, 12 వోల్టుల్లో కెమెరాకు చేరేవి 10.25 మాత్రమే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ అయితే ఈ నష్టం ఇంచుమించు ఒకటిన్నర రెట్లవుతుంది. దీపాలు వెలుగుతున్న సమయంలో కెమెరా చివర వోల్టులు కొలిచే మల్టీమీటరు పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. అప్పుడు తీగ మందం పెంచాలి, లేదా పవర్ సప్లయ్‌ని కెమెరాకు దగ్గరగా జరపాలి. పీఓఈ సుమారు 48 వోల్టులతో కరెంటు పంపుతుంది కనుక ఈ బాధ అక్కడ చాలా తక్కువ. అయితే స్విచ్ నుంచి కెమెరా వరకు దూరం వంద మీటర్లు దాటకూడదు, అన్ని కెమెరాలూ కలిసి తీసుకునే వాట్లు స్విచ్ మొత్తం సామర్థ్యంలో ఇమడాలి.

క్యాట్ 6 కేబుల్‌కు ఆర్‌జే45 (నెట్‌వర్క్ కనెక్టరు) క్రింప్ చేసేటప్పుడు, అంటే పనిముట్టుతో నొక్కి బిగించేటప్పుడు, రెండు చివరలా ఒకే వరుస పాటించాలి: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. పైతొడుగు కూడా కనెక్టరు లోపలికి వెళ్లి బిగుసుకోవాలి, లేకపోతే చిన్న లాగుడుకే తీగలు వదులవుతాయి. ఇంటి కరెంటు తీగలున్న పైపులోనే కెమెరా కేబుల్‌ను దూర్చకూడదు. ఆరుబయట కనెక్టర్లను గాలికి వేలాడదీయకుండా జంక్షన్ బాక్సులో పెట్టాలి. కేబుల్ పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరిగితే వాననీరు అక్కడే జారిపోతుంది. కెమెరా ఐపీ66 రకానిదైనా (దుమ్మునూ నీటినీ తట్టుకునేదైనా), దాని వెనుక తోకలా వేలాడే తీగ చివరి కనెక్టరుకు ఆ రక్షణ ఉంటుందని అనుకోకూడదు.

హార్డ్‌డిస్క్ ఎంతకాలానికి సరిపోతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున నిరంతరం రికార్డయ్యే కెమెరా రోజుకు సుమారు 43 జీబీ నింపుతుంది. నాలుగు కెమెరాలకు 2 టీబీ డిస్క్ పదకొండు రోజులకు మించి రాదు. నెల రోజుల రికార్డింగ్ కావాలంటే పెద్ద డిస్క్ తీసుకోవాలి, లేదా కదలిక ఉన్నప్పుడే రికార్డయ్యేలా అమర్చాలి. రాత్రింబవళ్లు రాసే పని కనుక సర్వైలెన్స్ రకం డిస్కునే వాడాలి. రికార్డరు, స్విచ్, రౌటరు మూడింటికీ యూపీఎస్ ఉండాలి. రికార్డరు తాళం వేసిన చోట, గాలి ఆడేలా ఉండాలి, ఎందుకంటే దొంగ చేతికి ముందుగా చిక్కేది బల్ల మీద కనబడే ఆ పెట్టే.

ఫోన్‌లో చూసుకునే సౌకర్యం పెట్టే ముందు, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మార్చి, ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) నవీకరించాలి. రౌటరులో పోర్టు తెరిచి రికార్డరును నేరుగా ఇంటర్నెట్‌కు వదలడం కన్నా వీపీఎన్ (ఇంటర్నెట్ మీద ఏర్పరచుకునే సొంత రహస్య దారి) సురక్షితం. బిగించినవారికి విడిగా ఖాతా ఇచ్చి ఉంటే, పని ముగిశాక దానిని తొలగించాలి.

పని పూర్తయిందని ఒప్పుకునే ముందు ఒక రాత్రి గడవనివ్వాలి. మర్నాడు ప్రతి కెమెరా రాత్రి రికార్డింగును వెనక్కి తిప్పి, తెర మీది సమయం సరిగా ఉందా, దీపాల వెలుగు దగ్గరి గోడను తాకి బొమ్మ తెల్లబారిందా అని చూసి, ఒక ముక్కను పెన్‌డ్రైవ్‌లోకి తీసి వేరే కంప్యూటరులో ఆడించి చూడాలి.