డబ్బాలో పోసేముందు ఆ ముక్క కత్తిరించి పెట్టుకోండి

పాలపొడో, మసాలా పొడో, పీనట్ బటరో తెచ్చి డబ్బాలోకి మార్చగానే కవరు చెత్తలో పడేస్తాం కదా. పడేసేముందు బ్యాచ్ నంబరు, తయారీ తేదీ ఉన్న ముక్కను కత్తిరించి డబ్బాకు రబ్బరు బ్యాండుతో కట్టేయండి. ఫోన్లో ఫోటో తీసుకున్నా సరే, కానీ ఇంట్లో అందరికీ కనబడేది ఆ ముక్కే.

ఏదైనా బ్యాక్టీరియా ఉందేమోనని కంపెనీ సరుకు వెనక్కి తీసుకునేటప్పుడు చాలాసార్లు ఫలానా బ్యాచ్ అనే చెప్తుంది. నంబరు లేకపోతే మన డబ్బాలోది అదో కాదో తేలదు. వాసన చూసి, కాస్త నాలిక మీద వేసుకుని 'బాగానే ఉందిలే' అనుకుంటే కుదరదు, సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు రుచీ వాసనా ఉండవు. చెనిక్కాయలు పండే అనంతపురంలో ఇది మరీ తెలియాలి. చెనిక్కాయ ముద్దలో, అంటే పీనట్ బటర్‌లో, తడి తక్కువ కాబట్టి ఆ క్రిమి పెరగదు గానీ, నెలల తరబడి చావదు కూడా. 2008-09లో అమెరికాలో చెనిక్కాయ సరుకును పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నది ఈ క్రిమి వల్లే. ఫ్రిజ్‌లో పెడితే చాలనుకోకండి, లిస్టీరియా అనే ఇంకో బ్యాక్టీరియా ఆ చల్లదనంలోనూ పెరుగుతుంది.

నంబరు కలిసిందా, డబ్బా మూత తీయకుండా బిల్లుతో అంగడికి తీసుకెళ్లండి. గేదెకో కుక్కకో పెట్టొద్దు. గరిటె, ఫ్రిజ్ అర వేడి సబ్బునీళ్లతో కడగండి. అంగడాయన పట్టించుకోకపోతే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ టోల్‌ఫ్రీ నంబరు 1800112100కు ఫోన్ చేయండి.

పాతవూరు బజార్లో విడిగా తూచి ఇచ్చే పొడికి మాత్రం ఏ నంబరూ ఉండదు. అది కొద్దికొద్దిగానే తెచ్చుకోండి.