రెండు రౌటర్ల ల్యాబ్ వైఓఎస్‌తో ఎలా పెట్టుకోవాలి?

రౌటింగ్ ప్రాక్టీస్‌కి రౌటర్ కొనక్కర్లేదు, వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్), వైఓఎస్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ ఫైల్) ఉంటే చాలు. 2013లో వయాట్టా అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చిన ఓపెన్ సోర్స్ రౌటర్ వైఓఎస్ (VyOS), దాని రోలింగ్ ఇమేజ్ (ఎప్పటికప్పుడు వచ్చే తాజా వెర్షన్) ఫ్రీగా దొరుకుద్ది. రెండే రౌటర్ల కోసం ఈవీఈ-ఎన్‌జీ లాంటి పెద్ద నెట్‌వర్క్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి ల్యాప్‌టాప్‌ని ఏడిపించే వాళ్లని చూస్తే నాకు జాలేస్తది.

వర్చువల్‌బాక్స్‌లో కొత్త వీఎం (వర్చువల్ మెషీన్) చెయ్యండి: రకం డెబియన్ 64 బిట్, 2 జీబీ ర్యామ్, 10 జీబీ డిస్క్. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో అడాప్టర్ 1 నాట్ (ఇంటర్నెట్ కోసం), అడాప్టర్ 2 ఇంటర్నల్ నెట్‌వర్క్ (రౌటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి). బూట్ చేసి లాగిన్ అవ్వండి (యూజర్, పాస్‌వర్డ్ రెండూ vyos, చిన్నక్షరాల్లో), 'ఇన్‌స్టాల్ ఇమేజ్' కొట్టి ఐఎస్‌ఓ తీసేసి రీబూట్ చెయ్యండి.

ఇప్పుడు రెండో రౌటర్ కోసం ఈ వీఎంని క్లోన్ (కాపీ) చెయ్యాలి, అందరూ బోల్తా పడేది ఇక్కడే. వైఓఎస్ ప్రతి ఇంటర్‌ఫేస్ (నెట్‌వర్క్ పోర్ట్) మ్యాక్ అడ్రస్‌ని, అంటే ఆ పోర్ట్ హార్డ్‌వేర్ నంబర్‌ని, హెచ్‌డబ్ల్యూ-ఐడీ (hw-id) అని కాన్ఫిగ్‌లో రాసి పెట్టుకుంటది. కొత్త మ్యాక్‌లతో క్లోన్ చేస్తే పాతవి కనపడవు కాబట్టి ఈత్0, ఈత్1 (eth0, eth1, రెండు పోర్ట్‌ల పేర్లు) పోయి ఈత్2, ఈత్3 అని వస్తాయి, మీరేమో ఈత్1కి ఐపీ ఇచ్చి పింగ్ రావట్లేదని కూర్చుంటారు. పోనీ మ్యాక్‌లు అలాగే ఉంచుదామా అంటే ఒకే నెట్‌వర్క్‌లో రెండు వీఎంలకి ఒకే మ్యాక్, ఇంకా దరిద్రం.

అందుకని క్లోన్‌కి ముందే కాన్ఫిగర్ మోడ్‌లో రెండు ఇంటర్‌ఫేస్‌ల హెచ్‌డబ్ల్యూ-ఐడీ డిలీట్ చేసి, కమిట్, సేవ్, పవరాఫ్. రీబూట్ మాత్రం వద్దు, లేచేటప్పుడు మళ్లీ రాసేసుకుంటది. తర్వాత కొత్త మ్యాక్‌లతో ఫుల్ క్లోన్ చేసి, స్టార్ట్ చేసే ముందు వర్చువల్‌బాక్స్‌లో మ్యాక్ చివరి రెండంకెలు మొదటి రౌటర్‌కి 11, 12, రెండోదానికి 21, 22 అని మార్చండి. 080027తో మొదలయ్యే ఆ పొడుగు నంబర్లు ఎవడు గుర్తుపెట్టుకుంటాడు? బూట్ అయ్యాక 'షో ఇంటర్‌ఫేసెస్'లో ఈత్0 దగ్గర 11 ఉందో లేదో చూడండి, తారుమారైతే హెచ్‌డబ్ల్యూ-ఐడీలు చేత్తో సరిచేసి రీబూట్ చెయ్యండి. ఇది చూడకుండా ముందుకెళ్లొద్దు.

మిగతాది తేలిక. ఈత్0కి డీహెచ్‌సీపీ (ఐపీ దానంతటదే వచ్చేలా), ఈత్1కి ఒకదాంట్లో 10.10.12.1/24, ఇంకోదాంట్లో 10.10.12.2/24, కమిట్, సేవ్. సేవ్ మర్చిపోతే రీబూట్‌తో మొత్తం హుష్. ఈత్0 రెండింట్లోనూ 10.0.2.15 అని చూపిస్తే కంగారొద్దు, వర్చువల్‌బాక్స్ నాట్ ఏ వీఎంకి ఆ వీఎం వేరు. కాకపోతే ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు ఒకదానికొకటి చెప్పుకునే ప్రోటోకాల్) పెట్టేటప్పుడు ఆ రేంజ్ కలపొద్దు, ఏరియా 0లో 10.10.12.0/24 ఒక్కటే ఇవ్వండి. 'షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్'లో ఫుల్ అని రావాలి, అసలు నైబరే రాకపోతే ముందు ఇంటర్నల్ నెట్‌వర్క్ పేరు రెండు వీఎంలలో ఒకటేనా చూడండి.