స్ప్లెండర్‌కు క్యామ్ మారుస్తున్నారా? టైమింగ్ చైన్ కూడా అప్పుడే వేసేయండి

97.2 సీసీ స్ప్లెండర్ ఇంజిన్‌లో క్యామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే ఇరుసు) అరిగిపోతే చాలామంది క్యామ్ ఒక్కటే తెచ్చి వేయించుకుంటారు. డబ్బు మిగిలిందనుకుంటారు. నాలుగైదు నెలలకే ఎడమ పక్కన గలగల మొదలవుతుంది, మళ్లీ విప్పాలి, మళ్లీ ప్యాకింగులు, మళ్లీ కూలి. సామాను ఖరీదు కన్నా విప్పి బిగించే కూలే ఎక్కువ పడే పని ఇది. కాబట్టి హెడ్ (సిలిండర్ పై మూత) విప్పిన రోజే క్యామ్‌ను తిప్పే టైమింగ్ చైన్, దాని రోలర్లు, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ కూడా మార్చేయాలి. పొదుపు చేసుకోదలిస్తే దానికి వేరే చోట్లున్నాయి, అవి కూడా కింద చెప్పాం.

ముందు రోగం ఏమిటో తేల్చుకోండి. టాపెట్లు (వాల్వు సందును సరిచేసే స్క్రూలు) వదులైతే టకటకమని సన్నగా, లెక్కగా కొడుతుంది. చైన్ వదులైతే ఎడమ పక్క నుంచి గలగలమని, గొలుసు ఈడ్చినట్టు వినిపిస్తుంది. ఐడిల్‌లో ఎక్కువ, యాక్సిలరేటర్ ఇవ్వగానే కాస్త తగ్గుతుంది. క్యామ్ అరిగితే టాపెట్లు సరిచేసిన వారానికే మళ్లీ వదులవుతాయి, బండి ఎక్కుడులో లాగదు. అందుకని చల్లని ఇంజిన్ మీద టాపెట్లు సరిచేసి పది రోజులు నడిపి చూడండి. శబ్దం పోతే ఇంజిన్ విప్పే అవసరమే లేదు.

కొనాల్సినవి: బేరింగులతో సహా క్యామ్ షాఫ్ట్, టైమింగ్ చైన్, టెన్షనర్ రోలర్, గైడ్ రోలర్, టెన్షనర్ రాడ్‌తో పాటు దాని తల మీది రబ్బరు, స్ప్రింగ్, హెడ్ ప్యాకింగ్, ఎడమ కవర్ ప్యాకింగ్, మాగ్నెట్ కాయిల్ ప్లేట్ ఓ-రింగులు, ఆయిల్ సీల్, టాపెట్ మూతల ఓ-రింగులు, 10డబ్ల్యూ30 ఆయిల్ 900 మి.లీ. డబ్బా ఒకటి. చైన్ విషయంలో రోలాన్, డైమండ్ లాంటి పేరున్న కంపెనీ సరుకే తీసుకోండి, ప్యాకెట్ లేని చైన్ జోలికి పోవద్దు. కొత్త చైన్, పాత చైన్ పక్కపక్కన పరిచి లింకులు లెక్కపెట్టండి. పాతది సాగి ఉంటుంది కాబట్టి పొడవు పోలిస్తే తేలదు, లెక్కే సరిపోవాలి.

పనిముట్లలో కొనక తప్పనిది స్ప్లెండర్ మాగ్నెట్ పుల్లర్ ఒక్కటే. సుత్తితో కొట్టి మాగ్నెట్ (క్రాంక్ చివర తిరిగే అయస్కాంత చక్రం) ఊడదీయడం చూస్తుంటాం. ఆ దెబ్బ క్రాంక్‌కు (పిస్టన్ తిప్పే ఇరుసుకు) తగులుతుంది, లోపలి అయస్కాంతాలు పగులుతాయి. మిగతావి మామూలువే: టాపెట్ మూతలకు 17 పానా, టాపెట్ లాక్ నట్టుకు 9 పానా, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఆకులు), ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్.

ఇంజిన్ చిన్నది, బరువు తక్కువ. బండి మీదే ఒంగి అవస్థ పడే కన్నా దింపి బల్ల మీద పెట్టుకుంటే పని శుభ్రంగా సాగుతుంది. దింపే ముందు ఆయిల్ తీసేయండి. బయటి మట్టిని డీజిల్‌తో కడిగి ఆరబెట్టండి. హెడ్ తీసినప్పుడు ఒక్క ఇసుక రేణువు లోపల పడినా కొత్త క్యామ్ మీద గీత పడుతుంది.

ప్లగ్ విప్పండి. ఎడమ కవర్, హెడ్ ఎడమ పక్కనున్న గుండ్రటి మూత తీయండి. ఆ గుండ్రటి మూతను పట్టి ఉంచే పొడవాటి బోల్టు కుడి పక్క నుంచి వస్తుంది, ఎడమ పక్క వెతికితే దొరకదు. ఇప్పుడు మాగ్నెట్‌ను ఎడమ నుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిప్పుతూ దాని మీది ‘టి’ గీతను కేసు మీది గుర్తుకు తీసుకురండి. అదే సమయంలో క్యామ్ స్ప్రాకెట్ (చైన్ కూర్చునే పళ్లచక్రం) మీది ‘ఓ’ గుర్తు హెడ్ మీది గాటుకు ఎదురుగా ఉండాలి. లేకపోతే ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టే తిరుగుతుంది కాబట్టి ‘టి’ వచ్చిన ప్రతిసారీ ‘ఓ’ రాదు. రెండూ కలిసినప్పుడు రాకర్లు (క్యామ్ కదలికను వాల్వులకు అందించే మీటలు) రెండూ చేతికి వదులుగా ఆడాలి. ఈ స్థితిలో ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి.

తర్వాత ఇంజిన్ అడుగున ఉన్న టెన్షనర్ బోల్టు విప్పి స్ప్రింగ్, రాడ్ బయటకు లాగండి. ఇవి తీస్తేనే చైన్ వదులవుతుంది. తీయకుండా స్ప్రాకెట్‌ను పలుగుతో పెకలించేవాళ్లు పళ్లు పాడుచేస్తారు. చైన్ సందులో గుడ్డ కుక్కి, ఆ తర్వాతే స్ప్రాకెట్ బోల్టులు విప్పండి. ఒక్క బోల్టు లోపల పడిందంటే ఆ పూటంతా దానికే పోతుంది.

హెడ్ నాలుగు నట్ల కన్నా ముందు ఎడమ పక్కనున్న చిన్న బోల్టును తీయాలి. దాన్ని మరిచిపోయి హెడ్ రావడం లేదని సుత్తి అందుకుంటారు, ఫిన్నులు విరుగుతాయి. ఏ స్టడ్ మీద గిన్నె నట్టు ఉంది, దేనికింద రాగి వాషర్ ఉంది అన్నది గుర్తు పెట్టుకోండి. హెడ్‌లోకి ఆయిల్ స్టడ్ పక్క దారి గుండానే ఎక్కుతుంది కాబట్టి వాషర్లు తారుమారైతే అక్కడే కారుతుంది. హెడ్ లాగేటప్పుడు బోర్ (సిలిండర్) దాంతో పాటు లేవకుండా చేత్తో అదిమి పట్టండి. బోర్ కదిలితే అడుగు ప్యాకింగ్ కూడా మార్చాలి.

రాకర్ షాఫ్టుల చివర మర ఉంటుంది. 8 ఎంఎం బోల్టు అందులో తిప్పి లాగితే షాఫ్ట్ వచ్చేస్తుంది, ఆ తర్వాత క్యామ్ కూడా వస్తుంది. రాకర్లను ఇక్కడ వెలుతురులో పెట్టి చూడండి. క్యామ్‌ను రాసుకునే ముఖం అద్దంలా మెరవాలి. గోరు తగిలించి గీస్తే ఎక్కడైనా ఆగిందంటే, పొర లేచినట్టు గుంటలు కనిపించాయంటే రాకర్లు కూడా మార్చాల్సిందే. అరిగిన రాకర్ కింద కొత్త క్యామ్ వేస్తే ఆకురాయి కింద పెట్టినట్టే. క్యామ్ మార్చినా నిలవలేదని అనేవాళ్ల బండ్లలో సాధారణంగా ఇదే కారణం, లేదా ఆయిల్ దారి మూసుకుపోయి ఉంటుంది. హెడ్‌లోని ఆ రంధ్రాల్లో పెట్రోల్ పోసి గాలి కొట్టండి. అవతలి వైపు గాలి ధారాళంగా రావాలి.

పొదుపు చేసుకోవడానికి చోటు ఇక్కడే ఉంది. రాకర్ ముఖం నున్నగా ఉంటే అవే వాడుకోండి. క్యామ్ స్ప్రాకెట్ పళ్లు రెండు పక్కలా సమానంగా ఉంటే దాన్నీ ఉంచేయండి. ఒక పక్కకు కొక్కెంలా వంగి ఉంటే మాత్రం మార్చండి. క్రాంక్ మీది చిన్న పళ్లచక్రం అలా అరిగి ఉంటే అది ఇంట్లో అయ్యే పని కాదు, లేతు షాపుకు ఇవ్వాలి.

ఇక మాగ్నెట్ నట్టు విప్పి పుల్లర్ బిగించి లాగండి. క్రాంక్ గాడిలో అర్ధచంద్రం ఆకారంలో చిన్న కీ ఉంటుంది, ముందు దాన్ని తీసి డబ్బాలో వేయండి. తీసిన మాగ్నెట్‌ను నేల మీద బోర్లించవద్దు. ఇనుప రజను, వాషర్లు, ఒక్కోసారి ఆ కీ కూడా లోపలి అయస్కాంతాలకు అతుక్కుంటాయి. అలాగే బిగిస్తే తిరిగేటప్పుడు కాయిల్‌ను చీరేస్తుంది. కాయిల్ ప్లేట్ కూడా తీస్తే పాత చైన్ చేతికి వస్తుంది. అడుగున చైన్ తిప్పే ఇంకో పళ్లచక్రం ఉంది, ఆయిల్ పంపును నడిపేది అదే. దాని పళ్లు కూడా చూడండి. గైడ్ రోలర్‌ను పట్టి ఉంచే పిన్ బోల్టు బోర్ పక్కన ఉంటుంది. అది విప్పేటప్పుడు రోలర్‌ను వేలితో పట్టుకోండి, లేకపోతే సందులోకి జారుతుంది. పాత రోలర్ రబ్బరు గట్టిపడి, మధ్యలో చైన్ తొలిచిన గాడి కనిపిస్తుంది. గలగలలో సగం ఆ గాడి వల్లే.

కొత్త చైన్‌ను పది నిమిషాలు ఆయిల్‌లో నానబెట్టండి. క్యామ్ ముఖాలకు, బేరింగులకు, రాకర్ షాఫ్టులకు ఆయిల్ పట్టించి ఎక్కించండి. క్రాంక్ పళ్లతో పాటు ఆయిల్ పంపు చక్రం మీద కూడా చైన్ కూర్చోవాలి. అక్కడ తప్పితే పంపు తిరగదు, హెడ్‌కు ఆయిల్ రాదు, కొత్త క్యామ్ ఆ రోజే మాడిపోతుంది.

ప్లేటు, కీ, మాగ్నెట్ తిరిగి పెట్టి, చైన్‌ను సన్నని తీగతో పట్టి ఉంచి హెడ్ ఎక్కించండి. నట్లు ఎదురెదురుగా, మూడు విడతల్లో బిగించి, పక్క చిన్న బోల్టు చివర బిగించండి. మళ్లీ ‘టి’ గీత గుర్తుకు, ‘ఓ’ గాటుకు. ఇక్కడ ఒక కిటుకు: ఈ ఇంజిన్‌లో చైన్ కింది వరసే లాగేది. అది బిగువుగా ఉండాలి, వదులంతా పై వరసలోకి రావాలి. కింది వరసలో వదులు ఉంచి గుర్తులు కలిపితే, టెన్షనర్ వేయగానే ‘ఓ’ పక్కకు జరిగిపోతుంది.

స్ప్రాకెట్ బోల్టులు బిగించి, టెన్షనర్ రాడ్ గదిలో కొద్దిగా ఆయిల్ పోసి, రాడ్, స్ప్రింగ్, బోల్టు వేయండి. తర్వాత చేత్తో మాగ్నెట్‌ను నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడండి. ఎక్కడైనా గట్టిగా అడ్డుకుంటే బలం పెట్టవద్దు, వాల్వు పిస్టన్‌కు తగులుతున్నట్టే. ఒక్క పన్ను తప్పితే ఎంత తేడా అన్నది మీరే లెక్కేసుకోవచ్చు: స్ప్రాకెట్‌కు 30 పళ్లుంటే ఒక పన్ను క్యామ్ మీద 12 డిగ్రీలు, క్రాంక్ మీద 24 డిగ్రీలు. స్టార్ట్ అయినా కిక్ ఎదురు తంతుంది, లాగదు, సైలెన్సర్‌లో పేలుతుంది. కాబట్టి ‘దాదాపుగా కలిసింది’ అంటే కలవలేదనే అర్థం.

టాపెట్లు చల్లగా ఉన్నప్పుడే పెట్టండి. పాత స్ప్లెండర్‌కు రెండు వాల్వులకూ 0.05 మి.మీ.; తర్వాతి మోడళ్లకు బండితో వచ్చిన పుస్తకంలోని అంకె చూడండి. ఫీలర్ ఆకు కొంచెం పట్టి లాగినట్టు రావాలి. లాక్ నట్టు బిగించాక మళ్లీ కొలవండి, బిగించేటప్పుడు తేడా వస్తుంది.

మూతలు బిగించి, ఇంజిన్‌ను బండికి ఎక్కించి, ఆయిల్ పోసి, కొలపుల్లను మర తిప్పకుండా ఊరికే ఆనించి మట్టం చూడండి. ప్లగ్ పెట్టకుండా కిక్ ముప్పై, నలభై సార్లు తొక్కితే పంపు ఆయిల్‌ను పైకి తోస్తుంది. తర్వాత ప్లగ్ పెట్టి స్టార్ట్ చేసి, ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపేయండి. పై టాపెట్ మూత విప్పి చూస్తే రాకర్ మీద కొత్త ఆయిల్ మెరుస్తూ కనిపించాలి. పొడిగా ఉంటే బండి మళ్లీ స్టార్ట్ చేయకండి, ఆయిల్ పంపు చక్రం దగ్గర చైన్ ఎలా కూర్చుందో చూడండి.

500 కి.మీ. తర్వాత ఆయిల్ మార్చి, టాపెట్లు ఒకసారి చూసుకోండి.