బ్రాడ్‌కాస్ట్ అందరికీ చేరడం లేదా?

పచ్చళ్లు అమ్మే మనం కొత్త ఆవకాయ సిద్ధమని వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ ఒకేసారి చాలామందికి విడివిడిగా పంపడం) పెట్టినా, పాత కొనుగోలుదారుల్లో కొందరికి అది చేరదు. మన నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి లేకపోతే మెసేజ్ వెళ్లదు. లిస్టులు ఎన్ని మార్చినా లాభం లేదు. పైగా ఒక్కో లిస్టులో 256 మందికే చోటు.

నాకు పనిచేసిన మార్గం: ఆర్డరు ఖాయం కాగానే షాపు పేరుతో కాంటాక్ట్ కార్డు పంపి, "ఈ నంబరు సేవ్ చేసుకోండి, కొత్త పచ్చడి పెట్టగానే కబురు పంపుతాం" అని అడగడం. వాట్సాప్ బిజినెస్ యాప్‌లో ఈ మాటల్ని క్విక్ రిప్లైగా (ముందే రాసిపెట్టుకునే మెసేజ్) దాచుకుంటే ప్రతిసారీ టైపు చేయక్కర్లేదు. పార్సిల్‌లో మన వాట్సాప్ క్యూఆర్ కోడ్ ఉన్న చీటీ కూడా వేయాలి.

ఇన్‌స్టా రీల్ కింద "ధరకు డీఎం చేయండి" అని మాత్రం రాయకండి, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోతారు. పావు కిలో, అర కిలో, కిలో ధరలు, కొరియర్ ఖర్చు అక్కడే రాయండి. సీసా ఫొటోలో 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబరు స్పష్టంగా కనబడాలి.